ఎల్ఫుల భాషలో భయం: సిందరిన్, క్వెన్యా మాటలను ఎంచుకుని వాడే పద్ధతి

కథలోనో ఆటలోనో ఒక చీకటి అడవికి ఎల్ఫు పేరు పెట్టాలనుకున్నవారు చాలామంది ఒకే దారి పడతారు. ఇంటర్నెట్‌లో నిఘంటువు తెరుస్తారు. 'భయం' ఎదురుగా కనిపించిన మొదటి మాటను పట్టుకుంటారు. దానికి 'అడవి'ని తగిలిస్తారు. పేరు గంభీరంగానే వినిపిస్తుంది. కాని భాష తెలిసినవారి చెవికి అది 'సముద్రపు అడవి' అనో 'కోట అడవి' అనో వినిపించవచ్చు. ఎందుకలా అవుతుందో కింద చెబుతాను.

ఇక్కడ ఎల్ఫు భాషలంటే 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్' రచయిత జె.ఆర్.ఆర్. టోల్కీన్ (1892–1973) తన కథల్లోని ఎల్ఫులు అనే అమర జాతి కోసం సృష్టించినవే. ఆయన రాసిన అనేక భాషల్లో మనకు పనికొచ్చేవి రెండు: ఫిన్నిష్ పలుకుబడిని ఇష్టపడి కట్టిన క్వెన్యా, వెల్ష్ నాదం మీద మోజుతో కట్టిన సిందరిన్. దాదాపు అరవై ఏళ్లపాటు ఆయన వీటిని దిద్దుతూనే ఉన్నారు. కాబట్టి భయానికి ఒక మాట కాదు, పదిహేను పైనే దొరుకుతాయి. దొరకడం కష్టం కాదు, వాటిలో ఏది మీ సందర్భానికి సరిపోతుందో తేల్చుకోవడమే అసలు పని. ఈ పనికి భయాన్ని, జుగుప్సను, వణుకును, పాలిపోవడాన్ని విడివిడిగా లెక్కపెట్టిన మన అలంకారశాస్త్రం ఇంగ్లీషు నిఘంటువు కంటే మంచి జల్లెడ అని నా అభిప్రాయం.

మొదటి అడుగు: ఏ భాషో తేల్చుకోండి, ఉచ్చారణ సరిచేసుకోండి

ఊళ్లు, కొండలు, అడవులు, కనుమలు, మనుషుల బిరుదులు అయితే సిందరిన్. మంత్రాలు, శాసనాలు, ప్రార్థనలు, పండితుల మాటలు అయితే క్వెన్యా. టోల్కీన్ కథాకాలం నాటికి క్వెన్యాది మన సంస్కృతం లాంటి స్థితి, గౌరవం ఎక్కువ, ఇంట్లో వాడకం తక్కువ. భూగోళమంతా దాదాపు సిందరిన్ పేర్లే. భయం కూడా ఆ పేర్లలోనే ఎక్కువగా దాగి ఉంది.

ఉచ్చారణ విషయంలో తెలుగువారికి ఒక వెసులుబాటు ఉంది. హ్రస్వ దీర్ఘాలుగా ఎ-ఏ, ఒ-ఓ మన లిపిలో వేరువేరుగా ఉన్నాయి, ఈ భాషలకు అది చాలా అవసరం. రోమన్ లిపిలో 'సి' అక్షరం ఎక్కడ కనిపించినా 'క' అనే చదవాలి. 'జి' ఎప్పుడూ 'గ' మాత్రమే, 'జ' కాదు. ఈ వ్యాసంలో 'థ' అని రాసినచోట ఇంగ్లీషులో 'థింక్' అనే మాట మొదట్లో వచ్చే గాలి శబ్దాన్ని పలకండి. 'ధ' అని రాసినచోట అదే శబ్దం నాదంతో వస్తుంది, మన మహాప్రాణం కాదు.

రెండో అడుగు: ఏ రకం భయమో ముందు తెలుగులో చెప్పుకోండి

నిఘంటువు తెరవకముందే ఈ పని చేయాలి. మీ పాత్ర దేనికి భయపడుతోంది? గుండె దడదడలాడుతోందా? ఒళ్లు జలదరిస్తోందా? రోత పుట్టి వెనక్కి తగ్గుతోందా? ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయిందా? లేక దేవుడి ముందు నిలబడినప్పుడు కలిగే భయభక్తులా? ఇవి అయిదు వేర్వేరు స్థితులు, ఎల్ఫు భాషల్లో ఈ అయిదింటికీ వేర్వేరు ధాతువులున్నాయి.

నాట్యశాస్త్రం భయానకానికి భయాన్ని, బీభత్సానికి జుగుప్సను స్థాయీభావాలుగా చెప్పింది. శరీరంలో కనిపించే సాత్త్విక భావాలు ఎనిమిదింటిలో వేపథువు అంటే వణుకు, వైవర్ణ్యం అంటే రంగు పోవడం ఉన్నాయి. ఈ నాలుగు గళ్లు కాగితం మీద గీసుకోండి. భక్తితో కూడిన భయానికి అయిదో గడి కలపండి. ఇకపై దొరికే ప్రతి మాటా వీటిలో ఎక్కడో ఒకచోట కూర్చుంటుంది.

మూడో అడుగు: పటం మీది పేర్లలో వెతకండి

'సిల్మరిలియన్' (1977) చివర పేర్లలోని పదాంశాల పట్టిక ఒకటి ఉంది. సిందరిన్ నేర్చుకునేవారు మొదట చదవాల్సింది అదే. అందులో 'గొర్' అంటే భీతి, ఘోరం. అదే అర్థంలో 'గొరొథ్' కూడా ఉంది. దానికి ముందు 'గొర్' మళ్లీ చేరి ద్విరుక్తమైతే 'గొర్గొరొథ్' అవుతుంది. ద్విరుక్తి వల్ల తీవ్రత పెరగడం మనకు కొత్త కాదు, 'గడగడ', 'దడదడ' అనే మాటలు అలా పుట్టినవే.

'గొర్గొరొథ్' పేరు రెండుచోట్ల కనిపిస్తుంది. ఒకటి చీకటి ప్రభువు సౌరొన్ రాజ్యమైన మొర్దొర్‌లో అగ్నిపర్వతం నిలిచిన బీడు మైదానం. రెండోది అంతకు వేల ఏళ్ల ముందటి 'ఎరెద్ గొర్గొరొథ్', భీతి పర్వతాలు, అవి తర్వాత సముద్రంలో మునిగిపోయిన బెలెరియాండ్‌లో ఉండేవి. ఆ పర్వతాల దక్షిణపు కొండచరియల కింద సాలెపురుగుల సంతతి కాపురమున్న లోయ 'నన్ దున్‌గొర్థెబ్'. మొర్దొర్ వాయవ్య ద్వారం దగ్గరి కనుమ 'కిరిథ్ గొర్గొర్', అంటే దయ్యాలు పట్టిన కనుమ. ఈ పేర్లన్నీ కలిపి చూస్తే 'గొర్' స్వభావం తెలుస్తుంది. ఇది ఒక మనిషి గుండెలో క్షణకాలం పుట్టే బెదురు కాదు, ఒక చోటును పట్టుకుని వదలని భీతి. అక్కడికి ఎవరు వెళ్లినా తగులుతుంది.

'గొర్' చెడ్డవారి సొత్తు మాత్రమే అనుకోవద్దు. సౌరొన్‌కు సిందరిన్‌లో 'గొర్థౌర్' అనే పేరుంది, నిజమే. కాని తూరిన్ అనే వీరుడు వంశపారంపర్యంగా వచ్చిన డ్రాగన్ శిరస్త్రాణం మళ్లీ తలకెత్తుకుని ఎల్ఫు స్నేహితుడు బెలెగ్‌తో కలిసి శత్రువుల మీద విరుచుకుపడినప్పుడు తనకు తాను పెట్టుకున్న పేరు 'గొర్థొల్'. 'థోల్' అంటే శిరస్త్రాణం, మొత్తం కలిపి 'భీతి శిరస్త్రాణుడు'. భయపెట్టేది ఎవరైనా సరే, 'గొర్' వారికి వర్తిస్తుంది. మన పురాణాల్లో భీమ, భైరవ, భయంకర అనే పేర్లు దేవతలకూ వీరులకూ ఉన్నట్టే.

రెండో కుటుంబం 'దెల్'. ఇది పూర్తిగా వేరు. టోల్కీన్ రాసుకున్న 1930ల నాటి ధాతువుల పట్టికలో దీని మూలానికి భయం, అసహ్యం రెండూ కలిసిన అర్థం ఇచ్చారు. భయానకమూ బీభత్సమూ ఒకే ధాతువులో కలిసిపోయాయన్నమాట. 'దెలొస్', 'దెలొథ్' అంటే ఏవగింపు, 'దెలెబ్' అంటే రోత పుట్టించేంత ఘోరమైన.

ఈ 'దెల్' వాడిన పేర్లలో నాకు బాగా నచ్చినది 'దెల్దూవథ్', అంటే రాత్రినీడల ఘోరం. ఈ పేరు తర్వాత వచ్చిన దొర్థొనియొన్ ఒకప్పుడు దేవదారు వంటి చెట్లతో నిండిన ఎత్తైన నేల. ఆకస్మిక జ్వాలా యుద్ధం తర్వాత అది శత్రువుల చేతికి చిక్కింది. అక్కడి అడవి క్రమంగా ఎంత పాడుబడిందంటే, తప్పనిసరి అయితే తప్ప శత్రుసేనలోని వికృత ప్రాణులైన ఆర్క్‌లు కూడా లోపలికి అడుగు పెట్టేవి కావు. ఇక్కడ 'గొర్' బదులు 'దెల్' వాడటంలో ఔచిత్యం ఉంది. అది ప్రాణభయం కలిగించే చోటు మాత్రమే కాదు, కుళ్లిపోయిన చోటు. మీ కథలోని అడవిలో చెట్ల బెరడు నుంచి నల్లని రసం కారుతుంటే 'దెల్' తీసుకోండి. అడవి పచ్చగా, నిశ్శబ్దంగా ఉండి వెళ్లినవారు తిరిగి రాకపోతే 'గొర్' తీసుకోండి.

మిర్క్‌వుడ్ అడవికి సిందరిన్ పేరు 'తౌర్ ఎ-న్దాయ్దెలొస్', అంటే మహాభీతి అడవి. సౌరొన్ యజమాని మొర్గొథ్ రాజ్యానికి 'దొర్ దాయ్దెలొథ్', దాన్ని ఘోరఛాయా భూమి అని అనువదించారు. రెండు పేర్లలోనూ సమాసం ఇంచుమించు ఒకటే, మొదటి భాగానికి మాత్రం ఒకచోట 'గొప్ప' అనీ మరోచోట 'నీడ' అనీ అర్థం. టోల్కీన్‌ను చదివేవారు ఇలాంటివాటికి అలవాటు పడాలి. ఇది అచ్చుతప్పు కాదు, ఒకే పేరును ఆయన వేర్వేరు కాలాల్లో వేర్వేరుగా విడదీసి చూశారు.

నాలుగో అడుగు: శరీరం పలికే మాటలు

'గిరిథ్' అంటే వణుకు, జలదరింపు. బ్రెథిల్ అడవిలోని ఒక జలపాతానికి మొదట 'దిమ్‌రొస్త్' అనే పేరుండేది. జ్ఞాపకం పోగొట్టుకున్న తూరిన్ చెల్లెలు నియెనోర్‌ను అక్కడికి తీసుకొచ్చినప్పుడు ఆమె ఆగకుండా వణికిపోయింది. అప్పటి నుంచి ఆ చోటు 'నెన్ గిరిథ్', వణికే నీరు. కారణం అప్పుడెవరికీ తెలియదు. ఆమె కథ ముగిసింది అక్కడికి దగ్గర్లోనే కాబట్టి, తర్వాత అది ముందే అందిన సూచన అనుకున్నారు. డిసెంబరు నెలకు సిందరిన్ పేరు 'గిరిథ్రొన్', అది కూడా ఈ మాటకు చుట్టమే. చలికి వణికినా భయానికి వణికినా ఒకటే మాట, సరిగ్గా తెలుగులో లాగే. కారణం చెప్పకుండా పాఠకుడికి ఒళ్లు జలదరించాలంటే 'గిరిథ్' కంటే మంచి మాట లేదు.

'నిఫ్రెద్' వైవర్ణ్యం. అర్థం 'పాలిపోవడం, భయం'. తెలుపు, మంచు అనే అర్థాలున్న ధాతువు నుంచి పుట్టింది. ఎల్ఫుల అడవి లోథ్‌లోరియెన్‌లో పూసే చిన్న తెల్లపువ్వు 'నిఫ్రెదిల్' కూడా ఆ ధాతువు బిడ్డే. ఒకే మూలం నుంచి అందమైన పువ్వు, నెత్తురింకిన ముఖం రెండూ వచ్చాయి. మనం 'ముఖం తెల్లబోయింది' అనే సందర్భాలకే దీన్ని వాడండి. దయ్యానికో రాక్షసుడికో పేరుగా పెడితే నప్పదు. ఇది భయపడేవారి ముఖంలో కనిపించేది, భయపెట్టేదానిలో ఉండేది కాదు.

అయిదో అడుగు: సముద్రం ముందు నిలబడిన భయం

'గాయ్ర్' దగ్గర తొందరపడేవారే ఎక్కువ. సిందరిన్‌లో 'గాయ్ర్' నామవాచకమైతే సముద్రం, 'బెలెగాయ్ర్' అంటే మహాసముద్రం. విశేషణమైతే భీకరమైన, గగుర్పాటు కలిగించే అని అర్థం. ఈ పోలిక యాదృచ్ఛికం కాదు. 'ద పీపుల్స్ ఆఫ్ మిడిల్ ఎర్త్' (1996)లో అచ్చయిన చివరికాలపు వ్యాసంలో టోల్కీన్ దీన్ని వివరించారు. తూర్పు నుంచి నడిచి నడిచి పడమటి తీరం చేరిన ఎల్ఫులు అంతులేని నీటిని మొదటిసారి చూసి హడలిపోయారు, 'భయపెట్టేది' అని పేరు పెట్టారు. ఆ పేరే సిందరిన్‌లో 'గాయ్ర్', క్వెన్యాలో 'ఎఅర్' అయింది.

అదే ధాతువు నుంచి క్వెన్యాలో 'అయ్ర' వచ్చింది, దానర్థం పవిత్రమైన. సిందరిన్‌లో 'గొయ్' వచ్చింది, అంటే పెనుభయం. 'గొయొల్' అంటే భయంకరమైన. భయానికీ పవిత్రతకూ ఒకే వేరు. మనం 'భయభక్తులు' అని జంటగా పలికేదాన్ని ఆయన ధాతువులోనే పెట్టారు.

ఎక్కడ వాడాలి? గర్భగుడి లాంటి చోట్లకు, దేవతల రూపాలకు, తుపానులకు, మహావృక్షాలకు వాడాలి. ఎక్కడ వాడకూడదు? ఆర్క్‌ల గుహకు వాడకూడదు. అడవి పేరులో అసలే వద్దు, మొదట్లో చెప్పిన 'సముద్రపు అడవి' ఇలాగే పుడుతుంది.

ఆరో అడుగు: 'భయపడుతున్నాను' అని చెప్పడం

వాక్యం రాయాలంటే క్రియలు కావాలి. 'ద వార్ ఆఫ్ ద జ్యువెల్స్' (1994)లోని పెద్ద వ్యాసంలో ఒక ధాతువు ఉంది, దాని రూపం 'రుకు'. ఎల్ఫులు కుయ్వియేనెన్ సరస్సు ఒడ్డున మేల్కొన్న తొలి రోజుల్లో చీకట్లో కదిలే ఆకారాలు, నీడలు వారిని వెంటాడేవి. అవేమిటో ఎరుగక ముందే, భయం కలిగించే ప్రతి రూపానికీ ఈ ధాతువు నుంచి మాటలు వాడారు. తర్వాత అదే ధాతువు ఆర్క్‌కు సిందరిన్ పేరైన 'ఒర్ఖ్'గా, బహువచనంలో 'యిర్ఖ్'గా స్థిరపడింది. అగ్నిభూతమైన 'బల్రొగ్' అనే పేరులోని 'రొగ్' కూడా ఇదే, క్వెన్యాలో అది 'వలరౌకొ', బలవంతమైన భూతం. అంటే మొదట భయం పుట్టింది, ఆ భయానికి తగిన ప్రాణులు తర్వాత దొరికాయి.

క్వెన్యాలో 'రుకిన్' అంటే నేను భయపడుతున్నాను. 'రుహ్త-' భయపెట్టు, 'రూకిమ' భయంకరమైన. సిందరిన్‌లో 'గ్రొగ-' భయపడు, 'గ్రుయ్థ-' భయపెట్టు.

'రుకిన్' వాడేటప్పుడు భయకారణాన్ని 'నుంచి' అనే అర్థమిచ్చే విభక్తిలో పెట్టాలని టోల్కీన్ స్పష్టంగా రాశారు. ఇంగ్లీషు అలవాటున్నవారికి ఇది వింతగా ఉంటుంది. సంస్కృతం చదివినవారికి వెంటనే 'భీత్రార్థానాం భయహేతుః' అనే పాణిని సూత్రం గుర్తొస్తుంది, భయహేతువుకు పంచమి. చిన్నయసూరి బాలవ్యాకరణం కూడా భయం దేనివల్ల కలుగుతుందో దానికి 'వలన' చేర్చమంది. 'దొంగవలన భయపడెను' అన్న పాఠ్యపుస్తకపు వాక్యం ఇక్కడ పనికొస్తుంది. క్వెన్యాలో ఈ విభక్తి ప్రత్యయం '-ల్లొ'. రాత్రి అంటే 'లోమె', కాబట్టి 'రుకిన్ లోమెల్లొ' అంటే 'రాత్రివలన భయపడుతున్నాను'. వ్యావహారికంలో రాత్రంటే నాకు భయం.

ఏడో అడుగు: మాట వయసు చూడండి

ప్రతి మాటా ఏ దశలో రాసిందో గుర్తుపెట్టుకోండి. ఈ పనికి 'ఎల్దామో' అనే ఆన్‌లైన్ నిఘంటువు బాగుంటుంది. 1930కి ముందు, 1930–50 మధ్య, 1950 తర్వాత అని మూడు దశలుగా విడదీసి చూపిస్తుంది. అభిమానులు కల్పించిన మాటలకు వేరే గుర్తు ఉంటుంది.

మనకు కావలసిన మాటల్లో 1937–38 ప్రాంతంలో రాసిన 'ధాతువుల పట్టిక' నుంచి వచ్చినవి చాలా ఉన్నాయి. అది 'ద లాస్ట్ రోడ్' (1987)లో అచ్చయింది. అప్పటికి సిందరిన్ అనే పేరు లేదు. ఆ భాషను 'నోల్దోరిన్' అనేవారు, దాని కథ కూడా వేరు. 'గొస్త్' అంటే భీతి, 'గొస్త-' అంటే విపరీతంగా భయపడు, ఇవి అక్కడివే. సముద్రపు తుపానుల దేవత ఒస్సె పేరుకు అదే పట్టిక 'భీతి' అని అర్థం చెప్పింది. 1960 ప్రాంతానికి టోల్కీన్ మనసు మార్చుకుని, ఆ పేరు దేవతల భాష నుంచి అరువు తెచ్చుకున్నదన్నారు. అంటే 'ఒస్సె'ను భయానికి మామూలు మాటగా ఇప్పుడు వాడితే పాత పంచాంగం చూసి ముహూర్తం పెట్టినట్టు ఉంటుంది.

పాత మాటలన్నీ పారేయాలా? అక్కర్లేదు. తర్వాతి రాతలు కాదనకపోతే, ధ్వని నియమాలకు అడ్డు రాకపోతే వాడుకోవచ్చు. 'గొస్త్' ఆ కోవలోనిదే.

ఎనిమిదో అడుగు: తొలి హల్లు మారడం

సిందరిన్‌లో మాట మొదటి హల్లు దాని ముందున్న మాటను బట్టి మారుతుంది. ఇంగ్లీషు పాఠకులు దీనికి జుట్టు పీక్కుంటారు. సరళాదేశ సంధి చదివిన తెలుగువారికి సగం పని ముందే అయిపోయింది. మనకు 'పూచెను + కలువలు' కలిస్తే 'పూచెఁ గలువలు' అయినట్టే, అక్కడా క-గ, త-ద, ప-బ మారతాయి. అదనంగా బ, మ రెండూ 'వ' అవుతాయి. 'ద' కాస్త 'ధ' అవుతుంది. 'గ' పూర్తిగా మాయమవుతుంది. మాంత్రికుడు శ్వేత సారుమాన్‌కు ఇచ్చిన 'కురునీర్ ʼలాన్' అనే పేరులో 'గ్లాన్' అనే మాట గకారం పోగొట్టుకోవడం చూడవచ్చు.

భయం మాటల్లో ఎక్కువ భాగం గకారంతోనే మొదలవుతాయి. చిక్కంతా అక్కడే. 'ఇ' అనే ఉపపదం (ఇంగ్లీషు 'ద' లాంటిది) తర్వాత 'గొస్త్' వస్తే 'ఇ ʼఒస్త్' అవుతుంది. 'ఒస్త్' అంటే కోట! భీతి అని రాయబోయి కోట అని రాసినట్టు అవుతుంది. అందుకే 'గొస్త్'ను మార్పు రాని చోట పెట్టండి. రెండు నామవాచకాలు పక్కపక్కన నిలిచి షష్ఠీ అర్థం ఇచ్చే పేర్లలో, అంటే 'కిరిథ్ ఉంగొల్' లాంటి నిర్మాణంలో, అది భద్రంగా ఉంటుంది.

కొన్ని గకారాలు మొదట్లో 'ఙ్గ' అయి ఉండేవి. అవి మాయమవవు, ఙకారం తిరిగి వస్తుంది. షెలొబ్ అనే రాకాసి సాలెపురుగు ఎదుట 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్' పాత్ర సామ్ తనకు రాని భాషలో వేసిన కేకలో 'ది-ఙురుథొస్' అనే మాట ఉంది. దాని అసలు రూపం 'గురుథొస్', అర్థం మరణభీతి. 'ది' అంటే కింద. టోల్కీన్ దీన్ని 'మరణఘోరం కింద' అని వివరించారు. అక్షరమాలలో నేర్చుకుని ఆ తర్వాత మనం దాదాపు మరచిపోయే ఙకారం ఇక్కడ అక్కరకు వస్తుంది. ధాతువుల పట్టికలో 'గొరొథ్' మూలం కూడా ఙ్గకారంతోనే ఉంది కాబట్టి, ఆ భీతి అనాలంటే 'ఇ ఙొరొథ్' అని రాయడం ఉత్తమం.

ఒకే చూపులో మోసపోయే జంటలు మరో రెండున్నాయి. క్వెన్యా 'రూకిమ' భయంకరమైన, 'రూకిన' శిథిలమైన. సిందరిన్ 'గొరొథ్' భీతి, 'గొర్థ్' చనిపోయినవాడు. ఒక్క అక్షరం తేడాతో భయంకరమైన గోపురం కాస్తా కూలిన గోపురం అవుతుంది. కథకు రెండూ సరిపోవచ్చు, కానీ మీరు చెప్పదలచుకున్నది ఒకటే కదా.

తొమ్మిదో అడుగు: కట్టి చూడండి

ఇప్పుడు మూడు పేర్లు, రెండు వాక్యాలు కడదాం. మనం కట్టినవాటి ముందు నక్షత్రపు గుర్తు పెట్టడం ఈ రంగంలో మర్యాద, టోల్కీన్ రాసినవాటితో కలిసిపోకుండా ఉంటాయి.

బాటసారులు దాటడానికి జంకే కొండకు *'అమొన్ గొస్త్'. 'అమొన్' అంటే కొండ, 'అమొన్ సూల్' లాంటి పేర్ల పద్ధతి. గకారం మార్పు లేకుండా నిలిచింది కాబట్టి కోటతో గందరగోళం లేదు.

కుళ్లిన అడవికి *'ఎరిన్ ధెలెబ్'. 'దెలెబ్' విశేషణం నామవాచకం తర్వాత వచ్చింది, దకారం మెత్తబడింది. 'ఎరిన్ వొర్న్' అనే అసలు పేరులో 'మొర్న్' అంటే నల్లని, అది 'వొర్న్' అయినట్టే ఇది. అయితే మినస్ తిరిథ్‌లోని 'రథ్ దీనెన్' అనే వీధి పేరులో దకారం మారలేదు. కాబట్టి ఎవరైనా *'ఎరిన్ దెలెబ్' అని రాస్తే తప్పు పట్టకండి.

శత్రువులు పేరు వింటేనే పారిపోయే యోధుడికి *'గొర్వగొర్'. 'మగొర్' అంటే ఖడ్గవీరుడు. మృగవ్యాధ (ఓరియన్) నక్షత్రమండలానికి ఎల్ఫులు పెట్టిన 'మెనెల్వగొర్' అనే పేరులో మకారం వకారం కావడం మనకు ఆధారం. 'గొర్థొల్' ఇచ్చిన అచ్చులోనే ఇది పోసిన పేరు. 'దెల్' పెట్టి *'దెల్వగొర్' అంటే మాత్రం వీరుడు కాస్తా అసహ్యకరమైనవాడైపోతాడు. ప్రతినాయకుడికైతే అదే బాగుంటుంది.

వాక్యాలు. 'నేను భయపడుతున్నాను' సిందరిన్‌లో *'గ్రొగొన్'. సామ్ కేకలో 'నల్లొన్' అంటే మొరపెడుతున్నాను. ఆ '-ఒన్' ప్రత్యయమే ఇక్కడ. భయకారణం చెప్పాలంటే క్వెన్యాను అనుసరించి 'ఒ' అనే 'నుంచి' మాట పెట్టి, *'గ్రొగొన్ ఒ ఫుయిన్' అనవచ్చు. 'ఫుయిన్' అంటే చీకటి రాత్రి.

'భయపడకు' అనడానికి టోల్కీన్ ఇచ్చిన 'అవొ గరొ' నమూనా ఉంది, 'చేయకు' అని దానర్థం. 'కర్-' అనే క్రియ 'అవొ' తర్వాత 'గరొ' అయింది. 'గ్రొగ-'కు ఆజ్ఞార్థకం *'గ్రొగొ'. 'అవొ' తర్వాత గకారం జారిపోతుంది. *'అవొ ʼరొగొ'. ఈ రెండు మాటలను పైకి పలికి చూడండి, చివర్లో మూడు ఒకారాలు గుండ్రంగా దొర్లుతాయి. పసిపిల్లకు చెప్పడానికైనా, కత్తి దూసిన స్నేహితుడికి చెప్పడానికైనా సరిపోతుంది. పేరు ముందు పెట్టి పిలవాలంటే 'అ' చేర్చండి. *'అ గొర్థొల్, అవొ ʼరొగొ.'